ఎదురుచూపుకు గడువు

పని చేసే శక్తి ఉండి, పని కోసం వెతుకుతూనో, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉండో, అయినా పని లేకుండా మిగిలిపోయిన స్థితిని అర్థశాస్త్రం నిరుద్యోగం అంటుంది. చదువు పూర్తయి ఇంట్లో ఉన్నంత మాత్రాన ఎవరూ ఈ లెక్కలోకి రారు. పనికి సిద్ధమని చెప్పినవారే వస్తారు. జాతీయ గణాంక కార్యాలయం 2017 నుంచి నిర్వహిస్తున్న శ్రామికశక్తి సర్వేలో ‘సాధారణ స్థితి’ అనే కొలమానం ఒకటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నా, కనీసం 30 రోజులు ఏదో ఒక పని చేసినవారిని ఆ కొలమానం పనిలో ఉన్నవారి కిందే జమకడుతుంది కాబట్టి, సర్వే చెప్పే అంకె వీధిలో కనిపించే నిరుద్యోగం కన్నా చిన్నదిగా తోస్తుంది. 2023-24లో 15 ఏళ్లు, ఆపై వయసువారిలో 3.2 శాతం, 15-29 ఏళ్ల యువతలో 10.2 శాతం నిరుద్యోగులని ఆ సర్వే తేల్చింది.

ఈ రెండింటి కన్నా ఎక్కువగా ఆలోచింపజేసే అంకె మరొకటి ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో చదవడం, రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం కాగా, పట్టభద్రులైన యువతలో అది 29.1 శాతం. చదువు వల్ల నష్టం జరిగిందని దీన్నిబట్టి అనుకోవడం పొరపాటు. చదువులేని మనిషికి పని లేకుండా నెల గడిపే వెసులుబాటు ఉండదు. కూలికో, కూరగాయల బండికో, అడ్డా మీదికో వెళ్లక తప్పదు. డిగ్రీ చదివిన బిడ్డను మాత్రం కుటుంబం తన ఖర్చులు తగ్గించుకొని, అవసరమైతే అప్పుచేసి, ‘తగిన ఉద్యోగం’ దొరికేదాకా పోషిస్తుంది. అందువల్ల చదువుకున్నవారి నిరుద్యోగం చాలావరకు ఎదురుచూపు రూపం తీసుకుంటుంది. ఆ ఎదురుచూపు ఎలా గడవాలి, దానికి హద్దు ఎవరు గీయాలి అన్నవే తెలుగు ఇళ్లలో ఇవాళ తేలవలసిన ప్రశ్నలు.

‘ప్రిపేర్ అవుతున్నాం’

ఈ ఎదురుచూపుకు తెలుగునాట స్థిరమైన చిరునామాలున్నాయి. రాష్ట్ర సర్వీసు ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలు రాసేవారికి హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. ఉపాధ్యాయ ఉద్యోగాల డీఎస్సీ రాసేవారికి కృష్ణా జిల్లా అవనిగడ్డ. సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట. చిక్కడపల్లి గ్రంథాలయానికి వచ్చేవారిలో ఎక్కువమంది అక్కడి అరల్లోని పుస్తకాల కోసం రారు. సొంత మెటీరియల్, సొంత నోట్సు, నీళ్ల సీసా తెచ్చుకొని, కుర్చీ దొరకబుచ్చుకోవడానికి పొద్దున్నే చేరి, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనంతో సరిపెట్టుకొని, చీకటి పడ్డాక నలుగురు పంచుకునే హాస్టల్ గదికి వెళ్తారు. వీరిని సోమరులనడం అన్యాయం. చాలామంది ఉద్యోగుల కన్నా ఎక్కువ గంటలు వీరు శ్రమిస్తారు, కానీ ఆ శ్రమకు జీతమూ రాదు, అనుభవ ధ్రువపత్రమూ రాదు.

ఆ శ్రమను వ్యవస్థ ఎలా ఖర్చుపెట్టిందో చెప్పడానికి తెలంగాణ గ్రూప్-1 ఒక్కటి చాలు. రాష్ట్రం ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు వెలువడగా 3.80 లక్షల మంది దరఖాస్తు చేశారు. అంటే ఒక్కో పోస్టుకు ఏడు వందల యాభై మందికి పైగా. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, అక్టోబరులో మెయిన్స్ జరిపారు. తొలి ప్రకటన నుంచి మెయిన్స్ దాకానే రెండున్నరేళ్లు పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తరువాత 2024 ఫిబ్రవరిలో 6,100 ఉపాధ్యాయ పోస్టులకు వచ్చిన ప్రకటన రద్దయి, 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వెలువడితే, మూడు లక్షల ముప్పై వేల మందికి పైగా పోటీపడ్డారు. ఈ జాప్యాలకు అభ్యర్థుల బాధ్యత ఏమాత్రం లేదు. ప్రభుత్వాలు, నియామక సంస్థలు జవాబు చెప్పవలసిన విషయమిది. అయితే ఆ జవాబు వచ్చేలోగా పోయే ఏళ్లు అభ్యర్థివే కాబట్టి, గడువు పెట్టుకునే పని కూడా అభ్యర్థి చేతుల్లోకే తీసుకోవాలి.

గడువు పెట్టుకోవడమంటే ఆశ వదులుకోవడం అనుకుంటారు చాలామంది. నిజానికి ప్రిపరేషన్ మొదలుపెట్టకముందే ఎన్ని ప్రయత్నాలు, ఏ నెల దాకా, ఎంత డబ్బు అన్న మూడింటినీ కాగితం మీద రాసి, ఇంట్లో పెద్దలకు చూపించడమే గడువు. నోటిఫికేషన్ వాయిదా పడితే గడువు దానంతటదే జరిగిపోకూడదు. జరపాలా వద్దా అన్నది మళ్లీ కూర్చొని నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి కొలత కూడా ఉండాలి. కటాఫ్‌కు రెండు మూడు మార్కుల దూరంలో ఆగిపోయిన అభ్యర్థికి ఇంకో ప్రయత్నం చేయడానికి తగిన కారణం ఉంది. వరుసగా రెండు ప్రిలిమ్స్‌లో కటాఫ్ దరిదాపులకు రాలేనివారు మూడో ఏడాది అవే పుస్తకాలతో అదే గదిలో కూర్చోవడాన్ని పట్టుదల అనలేం. రాష్ట్ర నోటిఫికేషన్ల మీదే బతుకంతా పెట్టడానికి బదులు, ఏటా పరీక్షల క్యాలెండర్ ప్రకటించే స్టాఫ్ సెలెక్షన్ కమిషన్, బ్యాంకుల ఐబీపీఎస్ పరీక్షలను కలుపుకోవడం వివేకం. అంకగణితం, రీజనింగ్, కరెంట్ అఫైర్స్ వంటి భాగాలు చాలావరకు ఉమ్మడివే.

ఈ గడువును చట్టమే విధించిన తెలుగువారు కూడా ఉన్నారు. అమెరికాలో హెచ్-1బీ వీసాపై పనిచేస్తూ ఉద్యోగం పోయినవారికి గరిష్ఠంగా 60 రోజులు, చదువు తరువాత ఓపీటీ అనుమతిపై ఉన్న విద్యార్థులకు మొత్తం 90 రోజులు మాత్రమే పని లేకుండా ఉండే వీలుంది. ఆ కాలంలో కొత్త ఉద్యోగమో, మరో వీసా హోదాయో, తిరుగు ప్రయాణమో తేలిపోవాలి. అంత క్రూరమైన గడువు ఎవరికీ అక్కర్లేదు గాని, అసలు గడువే లేకపోవడం కూడా మనిషిని మరో విధంగా దెబ్బతీస్తుంది.

రోజు చేజారే తీరు

ఆ దెబ్బ ఎలాంటిదో మొట్టమొదట లోతుగా పరిశీలించినది ఆస్ట్రియాలో. వియన్నా సమీపంలోని మారియెంతాల్ అనే ఊరు మొత్తం ఒకే బట్టల మిల్లు మీద ఆధారపడి బతికేది. ఆర్థికమాంద్యంలో ఆ మిల్లు మూతపడి ఊరంతా పని కోల్పోయినప్పుడు, మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే యువ పరిశోధకులు 1931-32లో అక్కడి జీవితాన్ని గమనించి 1933లో గ్రంథంగా ప్రచురించారు. చదువుకోవడానికి కావలసినంత తీరిక దొరికినా ఊరి గ్రంథాలయంలో జనం తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో మగవాళ్ల నడక వేగాన్ని చాటుగా కొలిస్తే, వారు నెమ్మదిగా నడుస్తున్నారని, పదేపదే ఆగిపోతున్నారని తేలింది. రోజంతా ఏం చేశారో చెప్పమంటే చాలామంది చెప్పలేకపోయారు. ఇంటి పని తప్పని ఆడవాళ్ల నడకలో మాత్రం ఆ మందగమనం అంతగా కనిపించలేదు.

జీతంతో పాటు ఉద్యోగం కంటికి కనిపించని ఐదు అవసరాలు తీరుస్తుందని యహోదా తరువాతి కాలంలో వివరించారు: రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులతో సంబంధం, నలుగురితో కలిసి ఒక లక్ష్యం కోసం పాటుపడటం, సమాజంలో గుర్తింపు, క్రమం తప్పని కార్యకలాపం. ఉద్యోగం పోయినప్పుడు, లేదా మొదటి ఉద్యోగమే దొరకనప్పుడు, డబ్బుతో పాటు ఈ ఐదూ పోతాయి. డబ్బును ఇంటివారు కొంతకాలం సర్దవచ్చు. మిగతావాటిని నిరుద్యోగి స్వయంగా కూర్చుకోవాలి. అందుకే ఉద్యోగాన్వేషణకు కూడా వేళలుండాలి. ఉదయం ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా దరఖాస్తులు, ఫోన్లు, కలుసుకోవలసిన మనుషులు. మిగిలిన పూట ఏదో ఒక ఆదాయం తెచ్చే పని గాని, చేతికి పట్టుబడే నైపుణ్యం గాని. పిల్లలకు ట్యూషన్ చెప్పడం, దుకాణం లెక్కలు రాయడం, మీసేవ కేంద్రంలో పూట పని చేయడం వంటివి చదువుకు తగనివని చిన్నచూపు చూడటం వల్ల మన యువత చాలా పోగొట్టుకుంటోంది. ఆ చిన్న పని ఇచ్చే జీతం కన్నా, అది ఇంటి బయటికి రప్పించడం వల్ల కలిగే మేలు పెద్దది.

నైపుణ్యం విషయంలో డబ్బు కట్టి చేరే కోర్సులకన్నా ముందు చూడవలసిన దారులు కొన్ని ఉన్నాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పట్టభద్రులు, డిప్లొమా చేసినవారు కర్మాగారాల్లో, సంస్థల్లో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. ఆ కాలం రెజ్యూమెలో అనుభవంగా చెప్పుకోదగినది. హైదరాబాద్‌లో బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, మాదాపూర్‌లోని జాతీయ నిర్మాణ అకాడమీ చేతిపనికి విలువ తెచ్చే శిక్షణ ఇస్తున్నాయి. గ్రామీణ యువతకు బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు వసతి, భోజనంతో సహా ఉచితంగా నేర్పుతాయి.

తెలిసినవాళ్లు, అంతంతమాత్రంగా తెలిసినవాళ్లు

ఉద్యోగం ఎక్కడ ఉందో చెప్పేది ఎవరు అన్న ప్రశ్నకు అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ ఇచ్చిన సమాధానం అర్ధశతాబ్దంగా నిలిచి ఉంది. బోస్టన్ నగర శివారులో ఉద్యోగం మారినవారిని ఆయన ప్రశ్నించగా, పరిచయాల ద్వారా పని సంపాదించినవారిలో, ఆ కబురు చెప్పిన మనిషిని తరచుగా కలిసేవారు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవనివారు 27.8 శాతం. 1973లో ప్రచురితమైన ఆ వ్యాసం దీన్ని ‘బలహీన బంధాల బలం’గా పేర్కొంది. కారణం తేలికగానే అర్థమవుతుంది: దగ్గరి స్నేహితులకు, మేనమామకు, పక్కింటివారికి తెలిసిన కబుర్లు నిరుద్యోగికీ ముందే తెలిసి ఉంటాయి, వేరే ఊళ్లో, వేరే రంగంలో ఉన్న పాత సీనియర్‌కు తెలిసినవే కొత్తవి. లింక్డ్‌ఇన్ వేదికపై రెండు కోట్ల మందికి సంబంధించిన ప్రయోగాల ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడ్డాయి. మరీ దగ్గరివి, మరీ దూరపువి కాకుండా, ఓ మోస్తరు పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడ్డాయని అందులోనూ తేలింది.

తెలుగువారికి బంధుబలగం పెద్దది. ఉద్యోగం పోయిన సంగతి ఆ బలగానికి తెలియకుండా దాచడమే ఇక్కడి పెద్ద ఇబ్బంది. నామోషీ వల్ల నోరు విప్పకపోతే బలహీన బంధం ఏదీ పనిచేయదు. నోరు విప్పే తీరు కూడా ముఖ్యమే. “అన్నా, మీ కంపెనీలో ఏదైనా జాబ్ ఉంటే చూడండి” అన్న వాట్సాప్ సందేశం చదివినవారికి ఏం చేయాలో తోచదు. “చూస్తాను తమ్ముడూ” అని ఊరుకుంటారు. దానికి బదులు, “అన్నా, నమస్తే. కాలేజీలో మీకు రెండేళ్లు జూనియర్‌ని. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు చూశాను. ఆడిటర్ ఆఫీసులో రెండేళ్లు ట్యాలీ, జీఎస్టీ రిటర్నుల పని చేశాను. అక్కడ పని ఎలా ఉంటుందో ఒక పది నిమిషాలు ఫోన్‌లో చెప్పగలరా?” అని అడిగితే, అవతలివారు ఇవ్వగలిగినదే అడిగినట్లవుతుంది. ఆ పది నిమిషాల మాట చాలాసార్లు రెఫరల్‌కు, అంటే సంస్థ లోపలి ఉద్యోగి అభ్యర్థి పేరును సిఫారసు చేయడానికి దారితీస్తుంది.

రెజ్యూమెకూ ఇదే సూత్రం. పెద్ద సంస్థలకు వచ్చే దరఖాస్తులను ముందుగా ఒక సాఫ్ట్‌వేర్ క్రమబద్ధం చేసి, ప్రకటనలో అడిగిన అర్హతలు, నైపుణ్యాల పేర్ల ఆధారంగా వెతికేందుకు వీలు కల్పిస్తుంది. రంగురంగుల గడులు, బొమ్మలు ఉన్న రెజ్యూమెను ఆ సాఫ్ట్‌వేర్ సరిగా చదవలేకపోవచ్చు. తండ్రి పేరు, కులమతాలు, కష్టపడే స్వభావం, చివర్లో ‘పైవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనే వాక్యం — పాత బయోడేటా నుంచి వచ్చిన ఈ సామగ్రి చోటు తినడమే తప్ప ఉపయోగపడదు. ‘ట్యాలీ పరిజ్ఞానం కలదు’ అని రాసే అభ్యర్థి, ఎన్ని దుకాణాల ఖాతాలు చూసినదీ, ప్రతి నెలా జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బీ రిటర్నులు ఎవరి పర్యవేక్షణలో దాఖలు చేసినదీ ఒకే వాక్యంలో రాస్తే, చదివేవారికి ఆ మనిషి చేతిపని కనిపిస్తుంది. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రాలు అమ్మే కన్సల్టెన్సీల జోలికి పోకూడదు. భవిష్యనిధి ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరులో ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేసిందీ నమోదై ఉంటుంది కాబట్టి, నేపథ్య పరిశీలనలో ఆ అబద్ధం బయటపడి, చేతికొచ్చిన ఉద్యోగం పోవడంతో పాటు తరువాతి అవకాశాలకూ మచ్చ అంటుతుంది.

డబ్బు అడిగేవారు, డబ్బు అందేచోట్లు

ఉద్యోగం ఇచ్చే సంస్థ జీతం ఇస్తుంది గాని డబ్బు అడగదు. శిక్షణ రుసుము, ల్యాప్‌టాప్ డిపాజిట్, ‘తిరిగి ఇచ్చే’ సెక్యూరిటీ అంటూ ఏ పేరుతో అడిగినా అనుమానించాల్సిందే. హైదరాబాద్‌లో ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగాల పేరుతో లక్షలు వసూలు చేసి, ఒకటి రెండు నెలలు జీతం ఇచ్చినట్లు చూపి, ఆఫీసుకు తాళం వేసిన ఉదంతాలు పదేపదే పోలీసు కేసులయ్యాయి. విదేశీ ఉద్యోగాల విషయంలో ప్రమాదం ప్రాణాల దాకా వెళ్తుంది: డేటా ఎంట్రీ పని అని నమ్మించి కాంబోడియాకు తీసుకెళ్లి, సైబర్ నేరాలు చేయించిన ముఠాల చేతుల్లో చిక్కుకున్నవారిలో తెలుగు యువకులూ ఉన్నారని 2024లో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో వెల్లడైంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ కొలువులకు మనుషులను పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి; సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు చూసుకోవచ్చు. పర్యాటక వీసాపై ఉద్యోగానికి పంపుతామనే మాట వింటే అక్కడితో సంభాషణ ఆపేయాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే సైబర్ నేరాల ఫిర్యాదుల 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మేలు.

ఉద్యోగం పోయినవారికి అందే సాయం మన దేశంలో చాలా తక్కువ, ఉన్నదీ చాలామందికి తెలియదు. ఈఎస్ఐ పరిధిలోని కార్మికులకు 2018లో ప్రారంభమైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, నిబంధనలకు లోబడి, సగటు దినసరి వేతనంలో 50 శాతాన్ని 90 రోజుల దాకా, జీవితంలో ఒకసారి ఇస్తున్నారు. భవిష్యనిధిలోని పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఖాళీగా ఉన్న కాలంలో పింఛను సొమ్ము తీసేసుకుంటే ఆ సర్వీసు లెక్క తెగిపోతుంది కనుక, మరీ తప్పనిసరైతే తప్ప దాన్ని కదిలించకపోవడం మంచిది. అప్పు ఈఎంఐలు కట్టలేని పరిస్థితి వస్తుందని తెలిసినప్పుడు, వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి చెప్పుకోవాలి. తప్పాక చెప్పుకునేవారికన్నా ముందు చెప్పినవారికి గడువు పెంచుకునే అవకాశం ఎక్కువ.

ఇంటి మాట

నిరుద్యోగికి ఎక్కువ గాయం చేసేది పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎదురయ్యే “ఇప్పుడేం చేస్తున్నావ్?” అన్న ప్రశ్న. ఆడపిల్లల విషయంలో ఆ ప్రశ్న కూడా ఎదురుకాదు. పెళ్లితో, కాన్పుతో, భర్త బదిలీతో ఉద్యోగం వదిలిన స్త్రీని ఎవరూ నిరుద్యోగి అనరు, ఇంటి పని చేసుకుంటోందంటారు, గణాంకాలు కూడా ఆమెను శ్రామికశక్తిలో లేని మనిషిగానే రాసుకుంటాయి. తిరిగి పనిలో చేరాలనుకునే స్త్రీ రెజ్యూమెలో ఆ విరామాన్ని దాచనవసరం లేదు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా కుటుంబ బాధ్యతలు అని ఒక వాక్యంలో సూటిగా రాసి, ఆ తరువాత నేర్చుకున్నదేమిటో చెప్పడమే గౌరవప్రదమైన పద్ధతి.

మనసులోని కోపం, అవమానం బయటికి రావడం ఉద్యోగాన్వేషణకు కూడా అవసరమే. మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగం కోల్పోయిన నిపుణులు కొందరు వరుసగా ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాల చొప్పున ఆ నష్టం గురించి తమ ఆలోచనలు, భావాలు కాగితంపై పెట్టారు. అలా రాయనివారికన్నా వారు త్వరగా కొత్త ఉద్యోగాల్లో కుదురుకున్నారు. దరఖాస్తులు ఎక్కువ పెట్టినందువల్ల కాదు, పాత ఉద్యోగం మీది కోపం ఇంటర్వ్యూ గదిలోకి వారితో రాకపోవడం వల్ల కావచ్చని పరిశోధకుల భావన. మిషిగన్ విశ్వవిద్యాలయం రూపొందించిన బృంద శిక్షణ కూడా, తిరస్కారాలు వస్తాయని ముందే ఊహించి వాటికి ఎలా స్పందించాలో సాధన చేయించడం వల్ల, పాల్గొన్నవారిలో కుంగుబాటు తగ్గిందని చూపింది. నిద్ర పట్టకపోవడం, ఎవరినీ కలవాలనిపించకపోవడం, బతికి ఏం లాభమన్న ఆలోచన రావడం వంటివి వారాల తరబడి సాగితే అది ధైర్యం చెబితే పోయే బాధ కాదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రోజంతా, తెలుగులో కూడా, ఉచితంగా అందుబాటులో ఉంది.

ఉద్యోగాల్లో ఉన్నవారికి ఒక విన్నపం. మీ ఆఫీసులో ఖాళీ ఏర్పడిందని తెలిసినప్పుడు, ఆ కబురు మీ ఇంటివారితో ఆపకుండా, ఎప్పుడో ఏడాది కిందట ఫోన్ చేసిన ఆ జూనియర్‌కు కూడా పంపండి. ఎంపిక మీ చేతిలో ఉండకపోవచ్చు, కబురు మాత్రం మీ చేతిలోనే ఉంది.